పావుసేరు పాలవారి పెద్దదిక్కు



శ్రావణమాసము వచ్చెనన్న మా ఆదోని సీమలో దారులన్నియు ఉరుకుందకే దారితీయును. కౌతాళము మీదుగా కాలినడకను వచ్చువారు, ఎమ్మిగనూరు నుండి బస్సులలో క్రిక్కిరిసి వచ్చువారు, తుంగభద్ర ఆవలి ఒడ్డునుండి కన్నడము మాటలాడుచు వచ్చువారు, అందరును ఈరన్నస్వామి సన్నిధికే. సోమవారములందును గురువారములందును అచట ఇసుక వేసిన రాలదు. అంతటి జనమునకు కాఫీ టీలకు, పెరుగన్నమునకు, స్వామి అభిషేకమునకు పాలు కావలెను గదా! ఆ పాలు ఏ యింటి కొట్టమునుండి వచ్చుచున్నవి, పిండినవారి చేతికి అందులో ఎంత చిక్కుచున్నది అను ప్రశ్న ఆ సందడిలో ఎవరికిని తట్టదు. మా అవ్వ ఒక ఎనుమును మేపి యుండనిచో నాకును తట్టి యుండెడిది కాదు.

ఎనుము అనగా గేదె. కోస్తా సోదరులు ఆ మాట విని నవ్వుకొందురేమో కాని, మా వైపు ఏ పల్లెకు పోయినను ఎనుమే. అవ్వకు భూమి యున్నను అది వానదేవుని దయమీద బ్రదుకునట్టి నల్లరేగడి. ఒక యేడు పండినచో రెండేండ్లు ఎండునట్టిది. ఎనుము అట్లు కాదు, దినమునకు రెండుమార్లు కోతకు వచ్చు పైరు. జొన్నసొప్ప అరగగా, ఆదోని జిన్నింగు మిల్లులనుండి తెచ్చిన పత్తిగింజలను రాత్రియే నానవేసి, తెల్లవారుజామున లేచి రోట రుబ్బి, కుడితిలో కలిపి దాని ముందుంచి, దూడను విడిచి, అది రెండు గుక్కలు కుడిచి తల్లి చేపినంతనే దానిని లాగి గుంజకు కట్టి, చెంబు మోకాళ్ళ నడుమ ఇరికించుకొని అవ్వ కూర్చుండెడిది. చెంబులో మొదటి ధారలు పడు సవ్వడి గణగణమని యుండును. పాలు నిండుకొలది అది మెత్తబడి మెత్తబడి గుసగుసగా మారును. ఆ సవ్వడి మారుటను బట్టియే ఆ పూట ఎన్ని పావుసేర్లు దిగినవో ఆమె చీకటిలో చెప్పగలిగెడిది.

ఆ పాలను కొనుటకు ఒకాయన సైకిలు మీద వచ్చెడివాడు. ఆయన యొద్ద రెండు లోటాలుండెడివి. ఇండ్లలో పాలు పోయించుకొను లోటాకు అడుగు వెలుపలికి ఉబ్బియుండెడిది; ఊరిలో హోటళ్ళకు పాలు పోయు లోటాకు అడుగు లోనికి సొట్టపడియుండెడిది. దీనిలోని గణితమును శ్రోతలు తేలికగా గ్రహింపగలరు. ఒకనాడు అవ్వ ఆ లోటాను ఎగాదిగా చూచి, “ఏం నాయనా, నీ లోటాకు కడుపొచ్చినట్టుందే!” అన్నది. ఆయన ఏమాత్రమును నొచ్చుకొనక, “పాతదైపాయె గదవ్వా, ఏం జేద్దు” అని, నురుగు అణగువరకు నిలిచి, తగ్గినంత మరల పోయించుకొని మరీ వెళ్ళెను. ఆయన దుర్మార్గుడని నేననను. అవ్వ మోకాళ్ళ నొప్పులకు పట్నమునుండి మందు తెచ్చి ఇచ్చినవాడును ఆయనయే. కాని ఊరంతటికి కొనువాడు ఒక్కడే యైనప్పుడు, ఎంత మంచివానికైనను లోటాకు కడుపు వచ్చును.

ఇంతటి పీఠిక యెందుకనగా, నేడు నేను స్మరింపబూనిన మహనీయుడు ఈ ఒంటి కొనుగోలుదారు సమస్యతోనే తన జీవితమంతయు పెనగినవాడు. ఆయన మా సీమవాడు కాడు, ఆంధ్రుడును కాడు. నేటి గుజరాతు రాష్ట్రమున, నాటి ఖేడా జిల్లాలోని ఆనంద్ పట్టణమున 1903వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన జన్మించిన త్రిభువన్‌దాస్ పటేలు. ఆ జిల్లా వెన్నకు పిమ్మట వచ్చిన పేరు నేడు పసిపిల్లలకును తెలియును. ఆ పేరు వెనుక నిలిచిన ఇంజనీరు వర్గీసు కురియను కూడ లోకప్రసిద్ధుడే. ఆ పేరుకును ఆ ఇంజనీరుకును నడుమ ఈ గాంధీ టోపీ పెద్దమనిషి మాత్రము మన తెలుగునాట కొంత మరుగున పడినాడు. ఆ లోపమును నా శక్తికొలది పూరించుకొనుటయే ఈ ప్రసంగములో నా స్వార్థము.

ఆయన రైతుకుటుంబమున పుట్టి, గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠమున చదివి, 1930 ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు వెళ్ళి, పిమ్మట మరికొన్ని మారులు వెళ్ళినవాడు. ఆ తరమున దేశభక్తులకు జైలు ఒక కళాశాల వంటిది. అది విశేషము కాదు. బయటికి వచ్చిన పిమ్మట ఏ పని చేయవలెనని ఆయన నిశ్చయించుకొన్నాడన్నది విశేషము. స్వాతంత్ర్యము గడప దగ్గరకు వచ్చి నిలిచిన ఆ దినములలో పలువురు పదవుల దారి పట్టగా, ఆయన పల్లెల వెంట పాలకడవల దారి పట్టెను.

ఖేడా పాల కథ చిత్రమైనది. ఆనాడు ఆనంద్‌లో పోల్సన్ అను ఒక పాల కర్మాగారము ఉండెడిది. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు మంచి పాలు తెప్పింపదలచి ఒక పథకము పెట్టి, ఖేడా జిల్లానుండి పాలు సేకరించు హక్కును ఆ ఒక్క సంస్థకే కట్టబెట్టెను. నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరము పాలు చెడక నగరము చేరెను, నగరవాసి సంతోషించెను, సంస్థ లాభించెను, మధ్యనున్న కాంట్రాక్టరులు లాభించిరి. ఎనుమును మేపినవానికి మాత్రము ఎప్పటి ధరయే. ఆ ధరను తిరస్కరించిన రైతు ఏమి చేయగలడు? వడ్లైనచో గాదెలో పోయును, పత్తియైనచో ధర వచ్చువరకు కొట్టులో వేయును. మా ఆదోని పత్తిమార్కెట్టులో ధర నచ్చని రైతు బోరాలను బండి మీదనే యుంచుకొని మరునాటివరకు పంతము పట్టగలడు. పాలకు ఆ పంతము లేదు. పొద్దున పిండినది పొద్దుగూకువరకు నిలువదు. పాలవాని బలహీనత పాలలోనే కలదు.

రైతులు త్రిభువన్‌దాసును వెంటబెట్టుకొని సర్దార్ వల్లభభాయి పటేలు వద్దకు పోయిరి. సర్దారు ఉపదేశము సూటియైనది: మీ పాలను మీరే సేకరించి మీరే అమ్ముకొనుడు, అందుకు అనుమతి రానిచో పాలు పోయుట మానుడు, నష్టమునకు సిద్ధపడుడు. ఆయన పంపగా మొరార్జీ దేశాయి వచ్చెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా అను గ్రామమున సభ జరిగి, ఊరూరను సంఘములు కట్టవలెననియు, అవన్నియు కలిసి జిల్లా సమాఖ్య కావలెననియు, ప్రభుత్వము ఆ సమాఖ్యవద్దనే పాలు కొనవలెననియు తీర్మానించిరి. ప్రభుత్వము కాదనెను. అంతట ఖేడా రైతులు పదునైదు దినములు బొంబాయి పథకమునకు చుక్క పాలు పోయలేదు.

పదునైదు దినములనిన మనము చదివి పుట త్రిప్పివేయుదుము. అవ్వ యింటిలో ఒక్క పూట పాలు విరిగినచో ఆ వారము సంతకు ఉప్పు చింతపండు తగ్గెడివి. పాలు నేలపాలు చేయుటకన్న పాపము లేదని నమ్మిన జాతివారము మనము. అట్టి ఇల్లాండ్రను, రెండెనుముల కాపులను, కూలినాలి చేసికొనువారిని, ఇల్లిల్లును తిరిగి, పదునైదు దినములు గట్టిగా నిలువుమని ఒప్పించుటకు ఉపన్యాసపాండిత్యము చాలదు. వారి కొట్టములో కూర్చుండి మాటలాడినవాడు కావలెను. త్రిభువన్‌దాసు కాలినడకను పల్లెపల్లెకు తిరిగినాడు. పాల కమిషనరు ఆనంద్ వచ్చి చూచి, రైతుల కోరికను అంగీకరింపక తప్పలేదు. 1946 డిసెంబరు 14వ తేదీన ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘము రిజిస్టరైనది. అప్పటికి దాని ఐశ్వర్యము రెండు గ్రామసంఘములు, దినమునకు సుమారు 250 లీటర్ల పాలు.

ఇచట నేను కొంచెము మా ఊరివైపు తిరుగవలెను, శ్రోతలు మన్నింతురు గాక. ఈ ఆలోచన మాకు పరాయిది కాదు. ఆనంద్ సంఘమునకు ఎనిమిదేండ్లు ముందుగానే, 1938లో, మా ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు చేనేతపనివారి సహకార సంఘమును నెలకొల్పినారు. నూలు సాహుకారిది, నేసిన బట్ట సాహుకారిది, ధర సాహుకారు నోటిమాట, నేతగానికి మిగిలినది గుంటలో ఆడిన కాళ్ళ నొప్పి మాత్రమే అయిన కాలమున, నూలు సంఘమే యిచ్చి, బట్ట సంఘమే కొని, సంఘమే అమ్ముట అను ఏర్పాటును ఆయన చేసి చూపిరి. ఆ పెద్దమనిషిని ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించెను. మగ్గము వేరు, పొదుగు వేరు. కాని సోమప్పగారు నూలుచిలపల దగ్గర చేసిన పనియు, త్రిభువన్‌దాసు పాలకడవల దగ్గర చేసిన పనియు ఒక్కటియే. ఇరువురును కొలపాత్రను కొనువాని చేతినుండి తీసి అమ్మువాని కన్నుల యెదుట నిలిపినవారు.

ఇక త్రిభువన్‌దాసు గొప్పతనమును నేనెక్కువగా మెచ్చునది సమ్మె విషయమున కాదు. సమ్మె చేయించిన నాయకులు దేశమున వేలమంది. సమ్మె గెలిచిన మరునాటి ఉదయము పాలు ఎవరు వడగట్టవలెను, యంత్రము చెడినచో ఎవరు బాగుచేయవలెను అను చింత పడినవారు బహుతక్కువ. 1949 మే నెలలో కేరళమునుండి ఒక యువకుడు, అమెరికాలో చదివిన ఇంజనీరు, ప్రభుత్వ ఉపకారవేతనపు ఒప్పందము తీర్చుకొనుటకై మనసు లేని మనసుతో ఆనంద్‌లోని ప్రభుత్వ వెన్నకేంద్రమునకు ఉద్యోగియై వచ్చెను. క్రైస్తవుడు, మాంసాహారి, గుజరాతీ రానివాడు. ఆ ఊరిలో ఇల్లిచ్చువారు లేక ఒక కారుషెడ్డులో కాపురము పెట్టెను. పాతయంత్రములు మొరాయించినప్పుడెల్ల త్రిభువన్‌దాసు వెళ్ళి ఆ యువకుని పిలుచుకొని వచ్చెడివాడు. ఒప్పందము తీరి అతడు పెట్టె సర్దుకొనుచుండగా, ఇంకను కొన్నినాళ్ళుండి మా యంత్రములు కుదిర్చిపొమ్మని అడిగెను. ఆ కొన్నినాళ్ళు 2012లో కురియను మరణించువరకు సాగినవి.

ఒక పెద్దవాడు తనకన్న దాదాపు ఇరువదేండ్లు చిన్నయగు పరభాషీయుని తెచ్చి, యంత్రమును, లెక్కను, వ్యాపారమును అతని చేతిలో పెట్టి, తాను రైతుల నమ్మకము అను ఒక్కదానినే కాచుకొని కూర్చుండుట సామాన్యము కాదు. మన ఊళ్ళలో సంఘపు అధ్యక్షుడైన ప్రతివాడును మేనేజరు కుర్చీలో అరపిరుదు పెట్టి కూర్చుండునలవాటు మనమెరుగుదుము. బావమరిదికి గుమాస్తా పని, మేనల్లునికి లారీ కాంట్రాక్టు. త్రిభువన్‌దాసు అధ్యక్షుడుగా నున్నన్నినాళ్ళు ఆ చేయి అటు పోలేదు. కురియను తన కీర్తికి మూలము ఆయన నిష్కల్మషత్వమేయని బహుమార్లు బహిరంగముగా ఒప్పుకొనెను.

సంఘము పెరిగిన తీరు చెప్పుటకు గంటలు చాలవు. ఎనుము పాలనుండి పొడి చేయుట సాధ్యము కాదని పాశ్చాత్య నిపుణులు తల అడ్డముగా ఊపుచుండగా, హరిచంద్ దలాయా అను సాంకేతికుడు అది చేసి చూపెను. 1955 అక్టోబరు 31న, సర్దారు జయంతినాడు, నెహ్రూ పండితుడు సంఘపు పాలపొడి కర్మాగారమును ప్రారంభించెను. 1964లో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ఆ జిల్లాలో అజర్‌పురా అను పల్లెలో ఒక రాత్రి రైతు యింట గడపి, తెల్లవారి, ఇట్టిది దేశమంతటను కావలెనని తలచెను. దానినుండియే మరుసటి యేడు జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలియు, 1970లో క్షీరవిప్లవమును వచ్చినవి. త్రిభువన్‌దాసునకు 1963లో మెగసెసే పురస్కారమును, 1964లో పద్మభూషణమును లభించినవి. రాజ్యసభయందును కూర్చుండెను.

నాకు వీటన్నిటికన్న ఆ పల్లెలలోని వరుస ముఖ్యము. ఉదయము పాలకేంద్రము ముందు ఎవరు ముందు వచ్చిన వారు ముందు నిలువవలెను. ఏ కులమైనను, ఎన్ని ఎకరములున్నను, ఏ యెకరమును లేకున్నను, అదే వరుస. ఆ వరుసలో వెనుకవాని చెంబునుండి వచ్చు పాలు ముందువాని పాలతో ఒకే క్యానులో పడును. పడిన పిమ్మట వాటిని విడదీయు శాస్త్రము ఏ ధర్మశాస్త్రమునను లేదు. అస్పృశ్యతను గూర్చి ఎన్ని సభలలో ఎంత గట్టిగా మాటలాడినను సాధింపలేనిది, ఒక అల్యూమినియము క్యాను రోజుకు రెండు పూటల చడీచప్పుడు లేక సాధించెను. సంపూర్ణముగా సాధించెనని నేననను. పాలు కలిసినంత సులభముగా మనుషులు కలియరు. అయినను వరుస వరుసయే.

రెండవది, పరీక్ష. పాలకు ధర కొలతను బట్టి మాత్రమే కాక వెన్నను బట్టియు కట్టబడెను. ఎనుము పాలలో వెన్న నూటికి ఆరేడు పాళ్ళు, ఆవుపాలలో మూడు నాలుగు. సన్నని మెడగల గాజుగొట్టములో ఆమ్లము పోసి, పాలు పోసి, చేతియంత్రములో గిరగిర త్రిప్పినచో వెన్న పైకి తేలి గీతల నడుమ నిలుచును. నీళ్ళు కలిపినవాడు అచట దొరకిపోవును. చిక్కని పాలు తెచ్చినవానికి రూపాయి పెరుగును. నీతిబోధ లేదు, పంచాయతీ లేదు, గాజుగొట్టమే న్యాయాధిపతి. పాలు పోసిన మహిళ చేతికి డబ్బు అప్పటికప్పుడు రెండు పూటల లెక్కన అందుట ఆ జిల్లాలో ఎన్ని యిండ్ల తీరు మార్చెనో!

1970వ దశకపు తొలినాళ్ళలో ఆయన సంఘాధ్యక్షత్వమునుండి స్వయముగా తప్పుకొన్నాడు. పదవి వదలునాడు సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క రూపాయి చొప్పున వేసికొని ఆయనకు కానుక యిచ్చిరి. ఆ రూపాయిలు ఆరు లక్షలైనవి. తలకొక్క రూపాయి అను ఆ లెక్క ఎవరి తలపునుండి వచ్చినదో కాని, నాకది ఎంతయు నచ్చినది. ఆరు లక్షల మందిలో ఎవ్వడును పెద్దదాత కాలేదు. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసికొనిపోలేదు. దానితోనే 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషను ఏర్పడి, పాలసంఘములున్న పల్లెలలోనే తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యము చూచుకొనుటకు పూనుకొన్నది. పసిబిడ్డ నోటి పాలు కూడ పోసికొని అమ్మివేయు తల్లి ఉండునేమో అను భయము ఆ పెద్దాయనకు తోచి యుండునని నా యూహ. 1994 జూన్ 3న ఆయన కన్నుమూసెను. 2025లో పార్లమెంటు ఆనంద్‌లో నెలకొల్పిన సహకార విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టినది.

మా సీమకు ఆ గాలి ఆలస్యముగను పలుచగను వీచినది. 1974లో రాష్ట్ర పాడి అభివృద్ధి సంస్థయు, 1981లో సహకార సమాఖ్యయు ఏర్పడి, విజయ అను పాల పేరు పల్లెలకు పాకినది నిజమే. కాని ఖేడా మెత్తని మన్ను, మాది వానను నమ్ముకొన్న నేల. తుంగభద్ర దిగువకాలువ తగిలిన ఊళ్ళలో పచ్చగడ్డి యుండును; దానికి నాలుగు మైళ్ళ దూరమున జొన్నసొప్పయు కరవే. వానలు మొగము చాటువేసిన యేట సంసారమంతయు మూటలు కట్టి గుంటూరు మిరపచేలకో, బెంగుళూరు కట్టడములకో వలసపోవును. ముసలి తల్లిని, బడికి పోవు పిల్లను ఇంట విడిచిపోవచ్చును కాని ఎనుమును ఎవరికి విడిచిపోవుదురు? దానిని బస్సెక్కింపలేరు. సంతకు తోలుదురు. సంక్రాంతి వెంటనే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో మేలిజాతి కోడెల పక్కన కొమ్ములకు పసుపు పూసిన ఎద్దులను చూచి మురియువారము, అదే సీమలో కరవునాడు కబేళా దళారి తాడు పట్టుకొని పోవు ఎనుములను చూచి మొగము త్రిప్పుకొన్నవారము. మా వైపు పాలసంఘములు నిలువకపోవుటకు నాయకులు లేకపోవుట కారణమని పలువురు వ్రాసిరి. నాయకుడు ఎంతవాడైనను గడ్డిని పుట్టింపలేడు గదా యని నాకు తోచును.

అయినను మా ఊరికి ఒకమారు పాలకేంద్రము వచ్చినది. ఎవరి పూనికవలన వచ్చెనో చిన్నవాడనైన నాకు అప్పుడు తెలియదు. గుడిముందు రావిచెట్టు క్రింద రెండు క్యానులు, ఒక బల్ల, గాజుగొట్టముల చట్రము మాత్రము జ్ఞాపకమున్నవి. అవ్వ మొదటిదినముననే పోయి నిలిచెను. గుమాస్తా ఆమె పాలలో కొంచెము తీసి త్రిప్పి, గొట్టమును వెలుగుకు ఎత్తి చూచి, పుస్తకములో ఒక అంకె వేసి ఇచ్చెను. అవ్వకు చదువు రాదు. ఇంటికి వచ్చి నాచేత మూడుమార్లు చదివించుకొనెను. “ఏడూ పాయింటు రెండు” అని నేను చదివినప్పుడెల్ల ఎనుమువైపు తిరిగి చూచెడిది. బిడ్డకు మంచిమార్కులు వచ్చిన యిల్లాలి ముఖము ఎట్లుండునో అట్లుండెను. ఆ పుస్తకము జొన్నల గాదెలో, తాళము క్రింద, ఆమె పెండ్లినాటి కాసులపేరు పక్కన చోటు చేసికొన్నది.

కొన్నియేండ్లకు లెక్కలు సరిగా అందక, డబ్బు నెలలు నిలిచి, ఆ కేంద్రము మూతపడినది. ఆ కథ ఇప్పుడెందుకు? నేను చెప్పదలచినది దాని మూడవనెలలో ఒక ఉదయము. వరుసలో అవ్వ ముందు, నేను ఆమె కొంగు పట్టుకొని. వెనుకకు తిరిగి చూతును గదా, ఆ సైకిలు ఆయన! ఇండ్లలో పాలు చిక్కక, తన యింటి రెండెనుముల పాలు క్యానులో పోసికొని వరుసలో నిలిచియున్నాడు. రెండు లోటాలును హ్యాండిలుకు వ్రేలాడుచున్నవి. అవ్వ వాటినే చూచుచు, “నాయనా, ఆ లోటాలతో నీకింక పనేముంది? ఒకటియ్యి, దూడకు కుడితి పోసుకుంటా” అన్నది.

ఆయన తల గోకికొని, ఒక క్షణమాలోచించి, కడుపున్న లోటానే విప్పి యిచ్చెను.